ఇవ్వడానికి ఆ ఆదివారం నాది కాదు

వరిమడిలో నాట్లు వేసిన చేతుల మధ్య పుట్టిన నాకు, ఒక మనిషి మాటను ఇంకో మనిషికి చేర్చే పని అప్పగించిన దేవునికి స్తోత్రం. ఆరు రోజులు నా వేళ్ళకు బలం, ఏడో రోజు నా గొంతుకు పని ఇచ్చినందుకు స్తోత్రం. నేను గట్టిగా నిలబడిన చోట నన్ను నిలబెట్టింది ఆయనే. నేను తప్పు చేసిన చోట నలుగురిలో సిగ్గుపరచి బాగుచేసింది కూడా ఆయనే. ఇది ముందు చెప్పకుండా మిగతాది మొదలుపెట్టడం నాకు చేతకాదు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో మేడ మీదున్న ఒక చిన్న కంపెనీలో టెక్నీషియన్‌ని. ఆసుపత్రులకు, కాలేజీలకు, రొయ్యల ఫ్యాక్టరీలకు నెట్‌వర్కులు వేయడం మా పని. ఒక గది నుంచి ఇంకో గదికి, ఒక ఊళ్ళో ఉన్న బ్రాంచి నుంచి ఇంకో ఊళ్ళో ఉన్న బ్రాంచికి మాట పోవాలన్నా, కాగితం పోవాలన్నా, బొమ్మ పోవాలన్నా దానికి దారి వేసేది మేము. దారి బాగున్నంత కాలం మేమున్నామని ఎవరికీ తెలియదు.

మా యజమానిని నేను సారు అంటాను. ఆయనది మంగళగిరి. వాళ్ళ నాన్నగారిది చీరల కొట్టు. కొట్టు తమ్ముడికి వదిలేసి ఈ వ్యాపారంలోకి వచ్చినా అక్కడి అలవాటు వదల్లేదు. మా షాపు గోడకు ఆరు అరలు కొట్టించి, సరుకంతా రకాల వారీగా సర్దారు. పై అరలో కేబుళ్ళు, వాటిని బిగించే సామాను. రెండో అరలో స్విచ్చులు, అంటే ఒక అంతస్తు కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలు, ఇంకా రూటర్లు. మూడో అరలో వైఫై పెట్టెలు. నాలుగో అరలో ఫోన్లు, వాటిని నడిపే ఎక్స్ఛేంజి. ఐదో అరలో వీడియో మీటింగులకు కావలసిన కెమెరాలు, మైకులు. అన్నిటికంటే కింది అరలో ఫైర్‌వాల్, అంటే బయటివాళ్ళు మన నెట్‌వర్కులోకి చొరబడకుండా గుమ్మం దగ్గర కాపలా కాసే పెట్టె. నేను చేరిన రోజున సారు నన్ను ఆ గోడ ముందు నిలబెట్టి, "పట్టూ నూలూ ఒకే అరలో పెట్టావంటే సాయంత్రానికి కొట్టు కొట్టులా ఉండదమ్మా. ఇదీ అంతే. ఏ జబ్బు ఏ అరలోదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే" అన్నారు. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు తలకెక్కనిది నాకు ఆ గోడ ముందు వారంలో ఎక్కింది. ఆ ఋణం నేను కాదనను. ఆయన మీద కోపంతో రాస్తున్నది కాదు ఇది.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. పెద్ద పనులన్నీ ఆదివారం పెడతారు. ఆఫీసుకు సెలవు, ఆసుపత్రిలో ఓపీ ఉండదు, కాలేజీలో పిల్లలు ఉండరు. పాత పెట్టెలన్నీ ఒకేసారి ఆపేసి, కొత్తవి బిగించి, సోమవారం పొద్దున ఏమీ జరగనట్టు తాళాలు ఇచ్చేస్తారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఎవరికీ అవసరం లేని రోజు అదేనని వాళ్ళు అనుకుంటారు, అంతే.

నాకు అవసరం. ఎందుకో చెబుతాను.

మాది చల్లపల్లి దాటాక కాలవ గట్టు మీద ఊరు. మా సంఘంలో ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. వాళ్ళలో పెద్ద వయసువాళ్ళు పదిహేనుమంది దాకా చదువు రానివాళ్ళు. అయినా ఒక్కొక్కరి ఒళ్ళో ఒక గ్రంథం ఉంటుంది, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి. ఒక్కొక్కరికి తనదంటూ ఒక భాగం ఉంది. భర్త పోయిన రోజున పాస్టరుగారు చదివినదో, కాన్పు కష్టమైనప్పుడు ఎవరో తలమీద చెయ్యి పెట్టి చెప్పినదో. ఆ పేజీలో దారం పెట్టుకుంటారు. ఆరాధన అయ్యాక చదువు వచ్చినవాళ్ళెవరైనా వరుసగా ఒక్కొక్కరి ముందు కూర్చుని, దారం ఉన్న చోట తెరిచి, ఆమె భాగం ఆమెకు చదివి వినిపించాలి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆ పని నాది. దారాలు చివికిపోతుంటే ఈ మధ్య మా కేబుళ్ళలోంచి ఊడదీసిన సన్నతీగలు ఇచ్చాను. నారింజ రంగు ఒకరికి, ఆకుపచ్చ ఒకరికి. రంగుల కోసం పోట్లాడుకున్నారు కూడా.

ఉద్యోగంలో చేరిన ఏడాది రొయ్యల ఫ్యాక్టరీలో కేబుళ్ళు లాగడానికి సారు వరుసగా నాలుగు ఆదివారాలు అడిగారు. కొత్తదాన్ని, ఇచ్చాను. ఐదో ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా ఊరికి వెళ్ళాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆరాధన అయ్యాక అందరూ పుస్తకాలు తెరిచి, దారం మీద వేలు పెట్టుకుని, వరుసగా కూర్చున్నారు. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ, మా నాయనమ్మకు తోడికోడలు, "నాలుగు వారాలది కలిపి చదువమ్మాయ్, బాకీ ఉంచకు" అంది. ఒక్కొక్కరి భాగం ఐదేసిసార్లు చదివాను. మధ్యాహ్నం రెండున్నరకు నా గొంతు పోయింది. నేను రాని నాలుగు వారాలూ వాళ్ళు పుస్తకాలు అలాగే తెరుచుకుని కాసేపు కూర్చుని, మూసి, ఇళ్ళకు వెళ్ళారట. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక మాట అనుకున్నాను. అప్పటి నుంచి ఆదివారం ఎవరికీ ఇవ్వలేదు. చిన్న పనులు కాబట్టి సారు సణిగేవారు గాని, సర్దుకునేవారు.

పోయిన ఏడాది ఆసుపత్రి పని వచ్చింది. నాలుగంతస్తుల ఆసుపత్రి, చల్లపల్లిలో ఒక బ్రాంచి. పాత ఎక్స్ఛేంజి తీసేసి ఇంటర్నెట్టు మీద నడిచే కొత్త ఫోన్లు, ప్రతి అంతస్తుకు కొత్త స్విచ్చులు, వైఫై, ఫైర్‌వాల్, ఇక్కడి డాక్టరు అక్కడి రోగిని చూసి మాట్లాడే వీడియో గది. మా గోడ మీది ఆరు అరలూ ఒకే చోటికి పోతున్న మొదటి పని అది. కొత్త కేబుళ్ళు లాగడానికే నెల పట్టింది. లాగించింది నేనే. మార్పు మాత్రం ఒకే ఆదివారం, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా అన్నారు.

"ముందుండి నడపాల్సింది నువ్వేనమ్మా. ఏ తీగ ఎటు పోతుందో మ్యాపంతా నీ చేతిలో ఉంది" అన్నారు సారు.

"ఆదివారం తప్ప ఏ రోజైనా ఉంటానండి."

"మళ్ళీ మొదలుపెట్టావా. ఒక్క ఆదివారం. ఒక్కటి ఇవ్వు."

"ఇవ్వడానికి అది నాది కాదండి."

మా సీనియరు పక్కనే కూర్చుని ఫోను సెట్లు డబ్బాల్లోంచి తీస్తున్నాడు. నేను అన్నయ్యా అంటాను, అతను నన్ను చెల్లెమ్మా అంటాడు. కొండపల్లి థర్మల్ విద్యుత్ కేంద్రం క్వార్టర్లలో పెరిగినవాడు. షిఫ్టుల ఇంట్లో పెరిగినవాడికి ఆదివారం, మంగళవారం ఒకటే.

"చెల్లెమ్మా, మీ దేవుడు ఆదివారం సెల్ టవర్లు ఆపేశాడా? నీ ఒక్కదానికే సెలవిచ్చాడా?" అన్నాడు.

"టవరుకి నాయనమ్మ లేదు అన్నయ్యా."

అతను నవ్వాడు. సారు నవ్వలేదు. "పద, డాక్టరుగారితో నువ్వే చెప్పు. నావల్ల కాదు" అని బండి తాళాలు తీశారు. పెద్ద మనిషి ముందు నా నోరు దానంతటదే మూతపడుతుందని ఆయన లెక్క. నాకు తెలుసు. దారి పొడుగునా బండి వెనక కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు కొంచెం ఎక్కువ చేసుకున్నాను.

ఆసుపత్రి డాక్టరుగారిది. అరవై దాటిన మనిషి. గదిలో ఆయన కుర్చీ వెనక పంచాంగం క్యాలెండరు, దాని మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన ఆదివారం.

"పది పన్నెండుకి ముహూర్తం. శాస్త్రిగారు పెట్టారు. కొత్త ఫోన్లలో మొదటి కాల్ ఆ టైముకి వెళ్ళాలి" అన్నారు.

సారు నావైపు చూశారు. నేను చేతులు కట్టుకుని, "నేను ఆదివారం పనిచేయనండి. ఆరాధన ఉంటుంది" అన్నాను.

"ఒక్క రోజుకే కదమ్మా?"

"ముహూర్తం ఒక్క గంట జరపమంటే మీరు జరుపుతారాండి?"

సారు దగ్గారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "జరపను" అన్నారు.

"నేనూ అంతేనండి."

  ఒక విషయం నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది. సారుకు ఏ రోజైనా ఒకటే, అందుకే నా మాట ఆయనకు మొండితనంగా వినిపిస్తుంది. ఎదురుగా ఉన్న మనిషికి కాలమంతా ఒకటి కాదు. ఆయన నమ్మేది నేను నమ్మను, నేను నమ్మేది ఆయన నమ్మరు. అయినా ఒక గంటను ముట్టుకోకూడదంటే ఏమిటో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

"ఆదివారం ఏం చేస్తావు, పాటలు పాడతావా?" అని అడిగారు. దారాల సంగతి చెప్పాను. ఊరు పేరు అడిగారు. చెప్పాను. "ఆ కాలవ గట్టు నుంచి మా చల్లపల్లి బ్రాంచికి చాలామంది వస్తారు" అని సారు వైపు తిరిగారు. "అన్నీ ఒకే రోజు ఎందుకు మార్చాలండి? మేం కూడా రోగికి గుండె, మోకాలు ఒకేరోజు కొయ్యం."

"ఫోన్లన్నీ ఒకేసారి ఆపాలి కదండి" అన్నారు సారు.

"ఆపక్కర్లేదండి," అన్నాను. నేను ఆ మాట కోసమే వారం నుంచి లెక్కలు వేసుకుంటున్నాను. "మా షాపులో ఆరు అరలున్నాయి. ఒక్కో అరా ఒక్కో రోజు మారుద్దాం. కొత్త స్విచ్చు పాతదాని పక్కనే పెట్టి, మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఒక్కో అంతస్తు కేబుళ్ళు ఇందులోంచి అందులోకి మారుస్తాం. పాత ఎక్స్ఛేంజినీ కొత్తదాన్నీ ఒక తీగతో కలిపితే పాత ఫోను కొత్త ఫోనుతో మాట్లాడుతుంది. ఎవరికీ తెలియకుండా అన్నీ దాటతాయి. సోమవారం మొదలుపెడితే శనివారానికి అయిపోతుంది."

డాక్టరుగారు సొరుగులోంచి ఒక చీటీ తీశారు. శాస్త్రిగారు రెండు ముహూర్తాలు రాసిచ్చారట. రెండోది శనివారం పదకొండున్నరకు. "సరే. ఒక్క షరతు. వారంలో ఏ రోజూ నా ఓపీ ఆగకూడదు. ఆగిందా, మిగతాది ఆదివారమే" అన్నారు.

మెట్లు దిగాక సారు ఆగి, నెమ్మదిగా చెప్పారు. "విన్నావుగా. ఆగితే ఆదివారం నువ్వే వస్తావు. రాకపోతే సోమవారం షాపుకి రావక్కర్లేదు."

"రెండో మాట విన్నానండి. మొదటిదానికి నేను ఒప్పుకోలేదు" అన్నాను.

సోమవారం కేబుళ్ళన్నిటికీ పేర్లు అంటించాం. మంగళవారం కింది రెండంతస్తుల స్విచ్చులు మార్చాం, చీమ చిటుక్కుమనలేదు. రిసెప్షన్ వెనక చిన్న గదిలో పాత బోర్డు ముందు కూర్చునే ఆపరేటరు అక్కకు కొత్త ఫోను చూపించాను. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉంది. ఆవిడ కూడా విశ్వాసే, పటమటలో ఒక సంఘానికి వెళుతుంది, వెళ్ళగలిగిన వారాల్లో. నా సంగతి అప్పటికే ఆసుపత్రంతా పాకింది.

"ఏమ్మా, ఆదివారం ముట్టుకోవంట కదా. నేను పదిహేనురోజులకో ఆదివారం ఇక్కడే కూర్చుంటాను. నన్ను పరలోకంలో గుమ్మం బయట నిలబెడతారా?" అంది.

"మీరు లేకపోతే అంబులెన్సుకి ఫోను ఎవరు చేస్తారక్కా? గోతిలో పడ్డ గొర్రెను విశ్రాంతి రోజైనా పైకి లాగాల్సిందేనని ప్రభువే అన్నాడు. నన్ను పిలిచేది దానికి కాదు. వీలుగా ఉంటుందని పిలుస్తున్నారు."

"బాగానే చదివావు," అంది గాని, ఒప్పుకున్నట్టు కనిపించలేదు. "నీకు కాదనే వీలుంది, కాదన్నావు. వీలు లేనివాళ్ళం కూడా ఉన్నాం."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ ఉంది లోపల.

బుధవారం మూడో అంతస్తు. ల్యాబు అక్కడే. రక్తపరీక్షల రిపోర్టులు అక్కడి నుంచి కంప్యూటర్లో కింది ఓపీకి వస్తాయి. స్విచ్చు మార్చాం, దీపాలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. ఒక కేబుల్ మిగిలింది. ఒక చివర స్విచ్చులో ఉంది, రెండో చివర నాలుగో అంతస్తుకు వేయాలి, అది రేపటి పని. దాన్ని అలాగే వేలాడదీసి నేను, అన్నయ్య భోజనానికి దిగాం.

శనివారం పూజ జరిగేది ఆ పెట్టెల గదులకే కాబట్టి అన్నీ శుభ్రంగా ఉండాలని మేనేజరు చెప్పారు. మూడో అంతస్తు ఆయమ్మ గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, స్విచ్చు పెట్టెకు ముందే పసుపు రాసి బొట్లు పెట్టింది. అంత అందంగా చేసిన పెట్టె ముందు ఒక తీగ కొస వేలాడుతుంటే ఆమెకు నచ్చలేదు. ఖాళీగా ఉన్న రంధ్రం చూసి దాంట్లో గుచ్చింది. టక్కుమని పట్టుకుంది. సరిపోయిందనుకుని వెళ్ళిపోయింది.

ఒకే తీగ రెండు చివరలూ ఒకే పెట్టెలో పడ్డాయి. అప్పుడేమవుతుందంటే, ఆ పెట్టెలోంచి బయలుదేరిన కబురు తిరిగి ఆ పెట్టెలోకే వస్తుంది. వచ్చినదాన్ని అది కొత్తదనుకుని మళ్ళీ పంపుతుంది. క్షణంలో ఆ ఒక్క కబురే లక్షసార్లు తిరిగి, వేరే ఎవరి మాటా పోయే దారి ఉండదు. మూడో అంతస్తు కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. దీన్ని పట్టుకుని ఆపే ఏర్పాటు స్విచ్చులోనే ఉంటుంది, మనం వెలిగించాలి. కింది రెండంతస్తుల్లో వెలిగించాను. మూడోదానిలో, ఆకలి మీద, తిన్నాక చేద్దామనుకున్నాను.

అన్నం ముద్ద నోట్లో ఉండగా ఫోను వచ్చింది. మెట్లు ఎక్కుతూ ఏ అరలో జబ్బు అని లెక్క వేసుకున్నాను. పాత ఫోన్లు మోగుతూనే ఉన్నాయి కాబట్టి నాలుగో అర కాదు. ఒక్క అంతస్తే కాబట్టి ఫైర్‌వాల్ కాదు. రెండో అర. గదిలోకి వెళ్ళేసరికి స్విచ్చు దీపాలన్నీ పిచ్చెత్తినట్టు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. వేలాడాల్సిన తీగ లేదు. లాగేశాను. రెండు నిమిషాల్లో సర్దుకుంది. మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

ఈలోగా సారు వచ్చేశారు. గుమ్మంలో ఆయమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు సారు.

"వేలాడదీసి వెళ్ళింది నేనండి. ఆపే ఏర్పాటు వెలిగించనిదీ నేనే. తప్పు నాది" అన్నాను. అది నిజమే. పసుపు రాసిన చెయ్యి తప్పు చెయ్యలేదు, చక్కబెట్టాలనుకుంది.

"అయిపోయింది కదా. షరతు తప్పావు. ఆదివారం ఎనిమిదికి ఇక్కడుండు."

"తప్పు చేశాను కాబట్టి తిట్టండి, పడతాను. మిగతా మూడు రోజులు పని చెయ్యనిస్తే తలవంచుకుని చేస్తాను. ఆదివారం మాత్రం రానండి. సోమవారం నుంచి రావద్దంటే రాను."

"అంత పొగరేమిటమ్మా నీకు?"

"పొగరు కాదండి. నేను చేసిన తప్పుకి దేవుని రోజు ఎందుకు కట్టాలి?"

సారు ఏదో అనబోయి, వెనక డాక్టరుగారిని చూసి ఆగారు. ఆయన వెంట ఆపరేటరు అక్క ఉంది. మెట్లెక్కి వచ్చిందేమో, ఆయాసపడుతోంది.

"ఓపీ ఆగిందా?" అని డాక్టరుగారు ఆవిడను అడిగారు.

"ఆగలేదండి. లైను పోగానే మెట్ల మలుపుకొక నర్సును నిలబెట్టాను. రిపోర్టులు కాగితాల మీద చేతులు మారి దిగాయి. కింద మీరు కాగితం చూసి రాశారు కూడా, కంప్యూటర్లో రాలేదని మీరు గమనించలేదు" అంది. నావైపు చూడలేదు. "పాత రోజుల్లో రోజూ అలాగే దిగేవి కదండి."

డాక్టరుగారు స్విచ్చు మీది పసుపు బొట్లు చూసి, ఆయమ్మను చూసి, నన్ను చూశారు. "రేపు నాలుగో అంతస్తు కానివ్వండి" అని దిగిపోయారు.

సారు నాతో మాట్లాడటం మానేశారు. చెప్పాల్సింది అన్నయ్యతో చెప్పేవారు, అతను పక్కనే ఉన్న నాకు మళ్ళీ చెప్పేవాడు. "చెల్లెమ్మా, మీ ఇద్దరి మధ్య నన్ను ఎక్స్ఛేంజి చేశారు" అనేవాడు. రోజుకొక అర అన్న నా లెక్క కూడా సరిగ్గా కుదరలేదు. ఫోన్లకు గురువారం సరిపోక శుక్రవారం మధ్యాహ్నం దాకా పట్టింది. వైఫై, వీడియో గది ఒకే సాయంత్రం ముగించాం. ఫైర్‌వాల్ శనివారం పొద్దున ఏడింటికి, ఓపీ తెరవకముందు, నాలుగు నిమిషాల్లో మార్చాను. 

పదకొండున్నరకు పూజ. పెట్టె ఫ్యాను రంధ్రాల్లో కుంకుమ పడకుండా కాగితం అడ్డం పెట్టి, నేను పక్కకు తప్పుకుని నిలబడ్డాను. ప్రసాదం తీసుకోలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. సరిగ్గా సమయానికి డాక్టరుగారు కొత్త ఫోను ఎత్తి చల్లపల్లి బ్రాంచి నంబరు నొక్కారు. అక్కడ నర్సు గొంతు పక్కగదిలోంచి పలికినంత స్పష్టంగా వినిపించింది. "భోజనాలయ్యాయా?" అని అడిగారాయన. "ఇంకా పదకొండున్నరే కదండి" అంది. మొదటి కాల్‌లో అంతే.

సామాను సర్దుతుంటే సారు నోరు విప్పారు. "రేపు పొద్దున ఎవరో ఒకరు ఇక్కడ ఉండి చూసుకోవాలి."

"ఏదైనా పోయి, మనుషుల ప్రాణం మీదికి వస్తే ఫోను చెయ్యండి. ఆరాధన మధ్యలోంచైనా లేచి వస్తాను. ఉత్తినే చూసుకోవడానికి రాను."

"నేనుంటాలే సారు. ఆదివారం నాకు ఏ దేవుడూ అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు" అన్నాడు అన్నయ్య. సారు ఆ విషయం అంతటితో వదిలేశారు, నా మీద కోపాన్ని మాత్రం వదల్లేదు.

ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కాను. ఆరాధన అయ్యాక చాప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఆరో ఆవిడ దగ్గర ఉండగా సంచిలో ఫోను మోగింది. మాట ఇచ్చాను కాబట్టి తీశాను. ఆసుపత్రి కొత్త నంబరు. 

"నేనే. ఇక్కడి నుంచి బయటికి ఎలా వినిపిస్తుందో చూద్దామని" అన్నారు సారు.

"ప్రాణం మీదికి ఏమైనా వచ్చిందాండి?"

"అబ్బే, లేదు."

"బాగా వినిపిస్తోందండి. పెట్టేస్తున్నాను."

మా నాయనమ్మ తోడికోడలు వేలు తన తీగ మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. "ఎవరే?" అంది.

"మా సారు."

"ఆదివారం పూట కూడా తోచట్లేదా ఆయనకి? ఆయన భాగం కూడా ఒకటి చదువు, పోయేదేముంది." అని తన పుస్తకమే ఇచ్చింది. ఆవిడ భాగం రెండుసార్లు చదివాను, ఒకటి ఆవిడకు, ఒకటి ఆయనకు. మిగతావాళ్ళు ఆలస్యమవుతోందని గొణిగారు.

సోమవారం షాపుకు వెళ్ళాను. వద్దనలేదు. నా బల్ల దాని చోటే ఉంది. కాని తరువాతి పెద్ద పనికి ముందుండే మనిషిగా అన్నయ్య పేరు రాశారు, విజిటింగ్ కార్డు కూడా అతనికే కొట్టించారు. మ్యాపులు ఇప్పటికీ నేనే గీస్తాను. అతను సిగ్గుపడుతూ తీసుకుంటాడు. నేను టెక్నీషియన్‌గానే ఉన్నాను, ఉంటాను. దీన్ని నష్టమని ఎవరైనా జాలిపడితే ఆ జాలి నాకు అక్కర్లేదు. నేను కొన్నదాని ధర ఎంతో తెలిసే కొన్నాను.

చదువుతున్న మీరు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. నాకు పదవి ఇమ్మని కాదు, సారు మనసు మార్చమని కూడా కాదు. మళ్ళీ ఎవరైనా "ఒక్కటే కదా" అని అడిగినప్పుడు నా నోరు వణికినా మాట వణకకూడదని అడగండి. కాదనే వీలు లేక ఆదివారం బోర్డు ముందు కూర్చునే ఆ అక్కకు, ఆమె కుర్చీ దగ్గరికే దేవుడు రావాలని అడగండి. పసుపు చేతుల ఆయమ్మను, కాలవ గట్టు మీద పుస్తకం తెరుచుకుని వేలు పెట్టుకుని కూర్చున్న ఆ ముసలివాళ్ళను మీ ప్రార్థనలో పేరు తెలియకుండానే తలచుకోండి. నేను కూడా ఇక్కడ కళ్ళు మూసుకుంటున్నాను. మీరూ మూసుకోండి.